బరోడాలో పెయింటింగ్ ఎం.వి.ఎ.: పదకొండేళ్ల తర్వాత

వడోదర (బరోడా)లోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో పెయింటింగ్ ఎం.వి.ఎ. (మాస్టర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్) చేసి పదకొండేళ్లయింది. హైదరాబాద్‌లో బి.ఎఫ్.ఎ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదివే పిల్లలు ఏటా వేసవిలో ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "అక్కా, రెండేళ్లు అక్కడికి పోతే ఏమొస్తది?" ఫోన్‌లో తొందరగా చెప్పి పెట్టేస్తున్నాను. ఈసారి వివరంగా రాస్తున్నాను.

నేను వెళ్లేటప్పుడు మా నాన్నా ఇదే అడిగాడు. "బొమ్మలెయ్యొస్తది గద బిడ్డా, ఇంక రెండేండ్లు ఏం నేర్పుతరు?" సరైన ప్రశ్నే. పీజీలో బొమ్మ వెయ్యడం నేర్పరు. అది వచ్చిందనే లెక్కతోనే మొదలవుతుంది. అనాటమీ, పర్‌స్పెక్టివ్ తడబడుతుంటే ముందు వాటి పని చూసుకుని వెళ్లండి.

మొదటి సెమిస్టర్‌లో నేను వేసినవన్నీ బతుకమ్మ ఎత్తుకున్న ఆడవాళ్లు, ఎర్ర చీరలు, పెద్ద బొట్లు. హైదరాబాద్‌లో అవి బాగున్నాయని అందరూ అన్నవే. క్రిటిక్ రోజున, అంటే టీచర్లు మా బొమ్మలు చూసి విమర్శించే రోజున, ఒక మేడమ్ వాటి ముందు చాలాసేపు నిలబడి అడిగింది: "ఈ ఎరుపు నువ్వు చూసిందా, వైకుంఠం చూసిందా?" ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె అన్నది తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలకు పేరుపొందిన చిత్రకారుడు తోట వైకుంఠం గారిని. ఆయన కూడా అదే ఫ్యాకల్టీలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఆయన కంటే ముందు, 1960ల్లో, మన తెలంగాణ చిత్రకారుడే అయిన లక్ష్మా గౌడ్ గారు అక్కడే మ్యూరల్ (గోడ మీద బొమ్మ), ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. ఇద్దరూ అంత దూరం వెళ్లి, తిరిగొచ్చి సొంతూరి మనుషుల్నే వేశారు. వాళ్లు చూసి తెచ్చుకున్నదాన్ని నేను అరువు తెచ్చుకున్నానని అప్పుడు తెలిసింది.

మరి నేను చూసిందేమిటి? మా అమ్మ బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర, దారం. చిన్నప్పుడు ఆమె భుజం మీది నుంచి ఆ చాటలోకే చూస్తూ పెరిగాను. దాన్నెప్పుడూ బొమ్మ అనుకోలేదు. రెండో సెమిస్టర్ నుంచి చాట ఒక్కటే వేశాను, పైనుంచి కనిపించేట్టు. దాదాపు నలభై బొమ్మలు వేశాక గానీ ఆ మట్టిరంగు నాకు దొరకలేదు.

కట్టిన ఫీజుకు నాకు దక్కింది ఆ ఒక్క ప్రశ్న. పక్క ఈజిల్ దగ్గర ఒక మణిపూర్ అబ్బాయి, ఇటుపక్క ఒక కేరళ అమ్మాయి ఉండేవారు. రాత్రి పనయ్యాక ఒకరి బొమ్మ ముందు ఒకరం కూర్చుని మాట్లాడుకున్న మాటలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఇంట్లో ఒంటరిగా పదేళ్లు వేసినా అలాంటి చూపు రాదని నా నమ్మకం.

ఆర్ట్ హిస్టరీ గురించి ముందే చెప్పాలి. నాలాగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మొదట్లో చాలా బరువుగా ఉంటుంది. ఇంగ్లిష్ వ్యాసం ఒక్కో పేజీకి గంట పట్టేది. ఆర్నెల్లు ఓపిక పట్టండి. 1981లో బరోడా చిత్రకారులు భూపేన్ ఖఖ్ఖర్, గులామ్ మహమ్మద్ షేక్, మరికొందరు కలిసి పెట్టిన 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శన గురించి చదివినప్పుడు, మామూలు మనుషుల గదుల్ని, దుకాణాల్ని వెయ్యడానికి కూడా ఎంత వాదన అవసరమైందో అర్థమై, నా చాటకు ధైర్యం వచ్చింది.

తిండి, భాష సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. సికింద్రాబాద్‌లో రాజ్‌కోట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు దిగుతారు. పప్పులో తీపి అలవాటవుతుంది. నవరాత్రుల్లో ఫ్యాకల్టీలో జరిగే గర్బాకు మాత్రం తప్పకుండా వెళ్లండి.

రంగుల విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. చాటల వరసలో అన్నిటికంటే పెద్దది, అయిదడుగుల కాన్వాస్, ఇప్పుడు మా ఊరింట్లో ఉంది. ఏడో ఏట నుంచి బీటలు వారుతోంది. చౌకగా వస్తుందని అప్పట్లో జింక్ వైట్ పెద్ద ట్యూబులు కొన్నాను. జింక్ నూనెతో కలిసి ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది, పై పొరలు లేచిపోతాయి. ట్యూబు వెనక పి.డబ్ల్యు.4 అని ఉంటే జింక్, పి.డబ్ల్యు.6 అంటే టైటానియం. రెండూ కలిసిన తెలుపులూ ఉంటాయి, చదివి కొనండి. నూనె తక్కువున్న పొర కింద, ఎక్కువున్నది పైన అనే నియమాన్ని కూడా తొందరలో పట్టించుకోలేదు. ఆ బొమ్మ అంటే నాకు ప్రాణం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక డబ్బు. బొమ్మల మీదే బతకగలనన్న లెక్కతో డిగ్రీ చెయ్యకండి. ఎం.వి.ఎ.తో పాటు విజువల్ ఆర్ట్స్‌లో నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) ఉంటే కాలేజీలో పాఠం చెప్పొచ్చు. నా ఇల్లు దానితోనే గడుస్తోంది. భూపేన్ ఖఖ్ఖర్ చార్టర్డ్ అకౌంటెంట్. పేరొచ్చాక కూడా చాలా ఏళ్లు లెక్కలు రాస్తూనే బొమ్మలు వేశారు. అది తెలిశాక ఉద్యోగం చేస్తున్నందుకు నాకు బాధ లేకుండా పోయింది. పాతికేళ్ల లోపు వాళ్లకు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది, దానికి తప్పక ప్రయత్నించండి. గ్యాలరీకి బొమ్మ ఇస్తే ధర, కమిషన్, డబ్బు చేతికొచ్చే గడువు కాగితం మీద రాయించుకోండి. ఒకచోట నోటిమాట నమ్మి ఇచ్చినందుకు అమ్ముడైన రెండు బొమ్మల డబ్బు నాకు ఏడాదిన్నరకు అందింది.

వెళ్లండనే చెబుతాను. బి.ఎఫ్.ఎ. అవగానే మాత్రం వద్దు. ఒక ఏడాది ఇంట్లో సొంతంగా వెయ్యండి, ఎక్కడ ఆగిపోతున్నారో తెలుసుకుని వెళ్లండి. ఇంటర్వ్యూకి పూర్తయిన బొమ్మలతో పాటు స్కెచ్‌బుక్‌లు కూడా తీసుకెళ్లండి, చెడిపోయిన పేజీలు చింపకుండా. వడోదరలో దిగాక మొదటి ఆదివారం గైక్వాడ్ రాజుల స్మారకమైన కీర్తి మందిర్‌కు పోండి. 1939 నుంచి 1946 దాకా శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్ అక్కడి గోడల మీద గంగావతరణం, మహాభారత యుద్ధం, మీరా జీవితం వేశారు. నేను చదువు ముగిసే నెలలో గానీ చూడలేదు. ముందే చూసి ఉంటే నలభై చాటలూ గోడ మీదే వేద్దునేమో.