వ్యాన్ నేల కింద వేడి: నాలుగు చలికాలాల అనుభవం

కెనడాలోని కాల్గరీలో నాలుగు చలికాలాలుగా మా ఫోర్డ్ ట్రాన్సిట్ క్యాంపర్ వ్యాన్‌లో (లోపలే పడుకుని వండుకునేలా మార్చుకున్న బండి) నేల కింద 12 వోల్టుల హీటింగ్ మ్యాట్ వాడుతున్నాను. చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే, "దీంతో వ్యాన్ వెచ్చబడుతుందా?" అని. వెచ్చబడదు. కాళ్ళు వెచ్చబడతాయి. ఈ రెంటికీ తేడా తెలియక మొదటి ఏడాది బాగా వణికాం.

లెక్క చూడండి. మా మ్యాట్ 2 చదరపు మీటర్లు, 200 వాట్లు, అంటే సుమారు 16 ఆంపియర్లు. బయట మైనస్ 20 ఉన్నప్పుడు ఇంత వ్యాన్‌కి కిలోవాటున్నరైనా కావాలి. 200 వాట్లు ఏ మూలకి? మా లిథియం బ్యాటరీ 200 ఆంపియర్ అవర్లది, నిండా ఉంటే రెండున్నర యూనిట్లు. రాత్రి పది గంటలు మ్యాట్ వేసుకుంటే రెండు యూనిట్లు దానికే సరి. డిసెంబరులో ఇక్కడ పగలు ఎనిమిది గంటలే, పైనున్న సోలార్ ప్యానెల్ మీద మంచు. జాస్పర్ దారిలో ఒక తెల్లవారుజామున బ్యాటరీ చేతులెత్తేసింది. ఇంజన్ వేశాను, అయినా చార్జింగ్ ఎక్కదు. లిథియం బ్యాటరీ సున్నా కంటే చల్లబడితే దాని రక్షణ సర్క్యూటే చార్జింగ్ ఆపేస్తుందట. అది అక్కడ నిలబడి నేర్చుకున్నాను. ఆ బ్యాటరీని డబ్బు పెట్టి వెనక డోరు పక్కన, అన్నిటికంటే చల్లని మూలలో పెట్టిన ఘనుణ్ణి నేనే.

రెండో ఏడాది పెట్రోలు కాల్చి వేడిగాలి ఊదే 2 కిలోవాట్ల ఎయిర్ హీటర్ పెట్టించాం. మా బండి పెట్రోల్ది, డీజిల్ హీటరైతే దానికో ట్యాంకు విడిగా మోయాలి. వెలిగేటప్పుడు కాసేపు 8, 10 ఆంపియర్లు లాగుతుంది, తర్వాత ఒకటి రెండుతో నడిచిపోతుంది. వ్యాన్‌ని కాచేది ఇదే. కాకపోతే వేడిగాలంతా పైకి పోతుంది. మంచం మీద చెమట, కింద కాలు పెడితే అరికాలు జివ్వుమంటుంది. మ్యాట్‌కి అసలు పని దొరికింది అప్పుడే. ఇప్పుడు పొద్దున లేవడానికి ముందు అరగంట, రాత్రి వంటప్పుడు ఇంకో అరగంట వేస్తాం, అంతే. లేక్ లూయీజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో చలికాలం కూడా కరెంటు ఇస్తారు, అక్కడ మాత్రం రాత్రంతా ఉంచేస్తాం.

మ్యాట్ కంటే దాని కింద ఏం వేశారన్నదే ముఖ్యం. మొదట నేను ఇనుప నేల మీద 6 మిల్లీమీటర్ల ఫోమ్ పరిచి సరిపెట్టాను. సగం వేడి రోడ్డుకి పోయింది. తర్వాత అంతా పీకి 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (చలిని ఆపే గట్టి ఫోమ్ పలక), దాని మీద ప్లైవుడ్, మ్యాట్, వినైల్ వేశాను. తేడా మొదటి రాత్రే తెలిసింది. దీనికి మూల్యం 4 సెంటీమీటర్ల ఎత్తు. మాది మీడియం రూఫ్, లైటు నా నెత్తికి తగులుతూనే ఉంటుంది.

పీకడానికి ఇంకో కారణం కూడా ఉంది. సీటు కాలు బిగిస్తూ స్క్రూ సరిగ్గా మ్యాట్ తీగలోకే దించాను. తీగ మ్యాట్ ఒక్కచోట తెగితే మొత్తం చచ్చిపోతుంది. ఇప్పుడున్నది కార్బన్ ఫిల్మ్, అంటే తీగ బదులు పల్చటి షీటు మీద కార్బన్ పట్టీలుండే మ్యాట్, చిల్లు పడితే ఆ పట్టీ వరకే పోతుంది. కొత్తగా వేసేవాళ్ళు వినైల్ కప్పేముందు కొలత టేపు పక్కన పెట్టి నాలుగు ఫొటోలు తీసుకోండి, మ్యాట్ ఎక్కడుందో తర్వాత తెలుస్తుంది. మందపాటి తివాచీ మాత్రం పరచకండి. కింద వేడి ఇరుక్కుని మా వినైల్ ఒకచోట ఉబ్బింది. థర్మోస్టాట్ 27 డిగ్రీలు దాటనివ్వను.

గ్లైకాల్ (నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) కలిపిన వేడినీళ్ళు నేల కింద పైపుల్లో తిరిగే పద్ధతి ఒక మిత్రుడి వ్యాన్‌లో ఉంది. వారం రోజులు పడుకున్నాను, సుఖంలో దానికి సాటి లేదు. నేల సమంగా వెచ్చగా ఉంటుంది, కరెంటు పెద్దగా లాగదు. కానీ చల్లబడ్డ వ్యాన్ వెచ్చబడటానికి గంట పైనే పట్టింది. పంపూ, వాల్వులూ, పైపుల్లో చేరే గాలీ, ఖర్చూ చూస్తే శనాదివారాల ప్రయాణాలకి దండగ. చలికాలమంతా వ్యాన్‌లోనే కాపురమైతే మాత్రం మ్యాట్ జోలికి పోకుండా అదే పెట్టించుకోండి.

మా అమ్మ కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఈ మ్యాట్‌కి మేం అనుకోని వాడకం కనిపెట్టింది. చలికాలం ఇక్కడ ఇంట్లోనే ఇడ్లీపిండి పులవదు. లేక్ లూయీజ్‌లో రాత్రి పిండి గిన్నె నేల మీద పెట్టి, నా స్వెట్టర్ చుట్టి, "ఒరేయ్, దీన్ని తన్నకు" అని పడుకుంది. తెల్లారేసరికి మూత లేచింది. స్వెట్టర్ వాసన ఇంకా పోలేదు.