అల్లర్ల వేళ ప్రసంగానికి టెలిప్రాంప్టర్: ఏ రకం నమ్మొచ్చు?

వీధుల్లో జనం రగిలిపోతుంటే, దేశాధినేత తల దించుకుని కాగితం చదివితే బెదిరినట్టే కనిపిస్తాడు. అందుకే టెలిప్రాంప్టర్, అంటే ప్రసంగ పాఠాన్ని వక్త కళ్లముందు గాజుపై చూపే యంత్రం, కావాలి. అందులో సభల్లో రెండు పక్కలా నిలబెట్టే గాజుపలకల రకం ఇక్కడ పనికిరాదు. చూపు అటూ ఇటూ తిరుగుతుంది. కెమెరా లెన్స్ ముందే గాజు అమర్చే రకమే సరైనది: వక్తకు గాజులో అక్షరాలు కనిపిస్తాయి, కెమెరా ఆ గాజు గుండా వక్తను చూస్తుంది.

దీని ప్రాణమంతా గాజులోనే. సుమారు 70 శాతం వెలుగును లోపలికి వదిలి, 30 శాతం ప్రతిఫలించే పూత గాజు కావాలి. పూత లేని మామూలు గాజు పెడితే రెండు ఉపరితలాలూ ప్రతిబింబిస్తాయి, అక్షరాలు జంటగా కనబడతాయి. లెన్స్ చుట్టూ నల్లగుడ్డ బిగించకపోతే వెనక వెలుతురు చొరబడి బొమ్మ వెలిసిపోతుంది. కెమెరా రెండున్నర, మూడు మీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరికి జరిపితే కళ్లు వరుస వెంట కదలడం పట్టుబడుతుంది. వరుసకు నాలుగైదు పదాలు చాలు.

వక్త మాటను బట్టి అక్షరాలను తనంతట తానే జరిపే సాఫ్ట్‌వేర్‌కు మా మార్కులు తక్కువే. వక్త ఒక వాక్యం వదిలేస్తే అది తడబడుతుంది. అక్షరాలను జరిపే మీట ఒక మనిషి చేతిలో ఉండాలి, అతను వక్త మాట వెనకే సాగాలి. ముందు పరుగెత్తితే వక్త కంగారుపడతాడు. యంత్రం మొరాయిస్తే ఆదుకోవడానికి బల్లమీద పేజీ సంఖ్యలు వేసిన కాగితాలు తప్పనిసరి, అదీ పిన్ను కొట్టకుండా.

బలహీన ప్రసంగాన్ని మాత్రం ఏ యంత్రమూ గట్టెక్కించదు. 1968 మే 24న ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ టీవీలో రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) ప్రకటించినా, అల్లర్లతో రగులుతున్న దేశం చల్లబడలేదు. మే 30న రేడియోలో, ఐదు నిమిషాల లోపే, జాతీయ సభను రద్దు చేస్తున్నానన్నాడు. మద్దతుదారులు పారిస్‌లోని షాంజెలిజే వీధికి పోటెత్తారు.