సెకండ్ హ్యాండ్ బకెట్ బండి కొంటున్నారా? ముందు జాకీలు చూసుకోండి

కోనసీమలో వీధి లైట్లు, తీర్థాలకి సీరియల్ సెట్లు కట్టే పని మాది. నిచ్చెనలతో వేగలేక పోయిన వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో ఒక బకెట్ బండి, అంటే మనిషిని బకెట్‌లో నిలబెట్టి పైకెత్తే బండి, కొన్నాను. అమ్మినాయన పేరు రాయను, గొడవ ఇంకా నడుస్తోంది. యార్డులో సిమెంటు గచ్చు మీద, బండి ఒరగకుండా నేలకి ఆనించే నాలుగు జాకీలూ దింపి, బకెట్‌ని మోసే పొడవాటి చెయ్యి, అదే బూమ్, ఎత్తి గిరగిరా తిప్పి చూపించాడు. గచ్చు మీద ఏ బండైనా బంగారమేనండి.

మన దగ్గర గచ్చు ఎక్కడేడిసింది? కాలవ గట్టు, పుంత, చేపల చెరువు గట్టు. అమలాపురం అవతల ఒక ఊళ్ళో లైటు మార్చడానికి బండి పెట్టాం. ఒక పక్క తారు, రెండో పక్క బోదెలోకి, అదే చిన్న కాలవలోకి, దిగే మట్టి అంచు. ముందురోజు జల్లు పడింది. పైన మా బామ్మర్ది. బకెట్ బోదె వైపు తిరిగిందో లేదో, అటు వెనక జాకీ చప్పుడు లేకుండా, తడిపిన పిండిలో వేలు దిగినట్టు దిగిపోయింది. ఇటు చూస్తే రోడ్డు వైపు జాకీ పాదం కింద బెత్తెడు వెలుతురు కనిపిస్తోంది. "బావా, ఒరుగుతోంది!" అని పైనుంచి కేక. బూమ్ లోపలికి లాక్కుని, మెల్లగా రోడ్డు వైపు తిప్పి దించేసరికి నా చొక్కా పిండితే నీళ్ళు.

మర్నాడు మెకానిక్ విప్పి చూపించాడు. జాకీలు నేలకి ఆనకపోతే బూమ్ లేవనివ్వని ఇంటర్‌లాక్ ఒకటుంటుంది. దాని స్విచ్చి దగ్గర రెండు తీగలు మెలేసి నల్ల టేపు చుట్టేశారు. ఇక జాకీ గాల్లో ఉన్నా బూమ్ హాయిగా లేస్తుంది. జాకీ సిలిండరులో ఆయిల్‌ని పట్టి ఉంచే లాక్ వాల్వు కారుతోంది. బండి వాలు చూపించే రసమట్టం ఎండిపోయింది.

కొనేముందు జాకీలు దింపించి, రాడ్డు మీద మార్కరుతో గీత పెట్టి, ఇంజను ఆపేసి టీ తాగి రండి. గీత జరిగిందా, వాల్వు పోయినట్టే. జాకీలన్నీ పైకెత్తేసి, ఖాళీ బకెట్‌తోనే బూమ్ లివరు నొక్కమనండి. కదిలితే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంజను ఆగిపోతే బకెట్ దించే చేతిపంపు కూడా కొట్టించి చూడండి.

జాకీల కింద వేసే పలకల సంగతి నా తప్పే, అడగలేదు. జాకీ పాదం 15 సెంటీమీటర్ల చదరం అనుకుందాం. దాని మీద 3 టన్నులు పడితే చదరపు సెంటీమీటరుకి 13 కిలోల పైమాటే. కింద 60 సెంటీమీటర్ల చదరపు మందపాటి పలక వేస్తే కిలో లోపే. మన ఒండ్రు బంకమన్ను తడిసిందంటే ఆ కిలోకే కుంగుతుంది. కొబ్బరి మొద్దు ముక్కలు పెట్టేరు, దొర్లిపోతాయి. బోదె ఎంత లోతో జాకీ కనీసం అంత దూరం ఉండాలి, నేల మెత్తగా ఉంటే ఇంకా వెనక్కి. చక్రాల కింద దిగువ వైపు కట్టెలు సరేసరి.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "గట్టు మీద ఎవడు పెట్టమన్నాడండి?" అన్నాడు. గట్ల మీదే పని అని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పాను. ఆ మాట కాయితం మీద లేదు. ఇంటర్‌లాక్, లాక్ వాల్వు పనిచేస్తున్నాయని మీరు రసీదు మీదే రాయించుకోండి.