జాగ్రత్త: ‘అయిదు పొరల గ్రానైట్’ పెనం కొనబోతున్నారా?

తిరుపతిలో, చుట్టుపక్కల ఊళ్లలో పాత్రల కొట్లకు వెళ్లేవాళ్లు ఇది చదివి వెళ్లండి. నల్లటి పూత మీద తెల్ల చుక్కలు చల్లి, పెట్టె మీద ‘అయిదు పొరల గ్రానైట్’ అని పెద్ద అక్షరాలు వేసిన నాన్‌స్టిక్ పెనాలు ఇప్పుడు వీధి వీధిలో దొరుకుతున్నాయి. అన్నీ చెడ్డవని నేను అనను. నేను కొన్న పెనానికి మాత్రం రెండో వంటకే పూత ఊడిపోయింది. కడిగేటప్పుడు ఊడి ఉంటే ఇంత బాధ పడేదాన్ని కాదు. పిల్లల గిన్నెల్లోకి ఊడింది.

కొట్టు పేరు రాయను. పాత ఊళ్లో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో అలాంటి కొట్లు ఎన్నో ఉన్నాయి. అదే సరుకు నాలుగు పేర్లతో నాలుగు చోట్ల కనిపించింది. ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే మీరు పక్క కొట్టుకు వెళ్లి అదే కొనుక్కొస్తారు.

జూన్ చివరి వారంలో మా చెల్లెలు పిల్లలను తీసుకుని చిత్తూరు నుంచి దర్శనానికి వచ్చింది. వస్తూ సంచి నిండా తోతాపురి మామిడికాయలు తెచ్చింది. ఆ నెలలో చిత్తూరు వాళ్లకు వట్టి చేతులతో రావడం చేతకాదు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరే కాలం అది. కోసుకుని తినడానికి బేనీషా (బంగినపల్లి) ఉండగా తోతాపురి జోలికి ఎవరూ వెళ్లరు కానీ, పొయ్యి మీద చేసే తీపికి దానికి సాటి లేదు. కండ గట్టిది కాబట్టి వేడికి చితికిపోదు. పులుపు ఉంటుంది కాబట్టి ఎంత పంచదార పడినా మొహం మొత్తదు. బేనీషా ముక్కలు వేసి చూశాను ఒకసారి, రెండు నిమిషాల్లో జామ్ అయింది.

తోతాపురి ముక్కలను పంచదార పాకంలో వేయించే ఆ తీపి పది నిమిషాల పని. కొండ దిగి ఆకలితో వచ్చిన పిల్లలు చేతులు కడుక్కునే లోపు అయిపోతుంది. సగం పండిన కాయలు రెండు తీసుకుని, తొక్క తీసి, వేలు మందాన ముక్కలు కోయాలి. ఖాళీ పెనం మీద ఆరు చెంచాల పంచదార పలుచగా పరిచి మధ్యస్థమైన సెగ పెట్టాలి. నీళ్లు పోయకూడదు, గరిటె పెట్టకూడదు. పెనాన్నే అటూ ఇటూ వంచాలి. పంచదార అంచుల దగ్గర కరగడం మొదలుపెట్టి, తేనె రంగు దాటి, పలుచని డికాషన్ రంగుకు వచ్చేసరికి రెండు చెంచాల వెన్న, చిటికెడు ఉప్పు వేయాలి. వెన్న పడగానే బుస్సున పొంగుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి. ఆ పాకం చుక్క చేతి మీద పడితే మరిగే నీళ్ల కన్నా ఘోరం, అంటుకుని వదలదు. తర్వాత ముక్కలు పరిచి ఒక్కో వైపు నిమిషంన్నర ఉంచి, దించి, ఏలకుల పొడి చల్లితే అంతే.

పెనం కొనేటప్పుడు ఈ వంట సంగతే చెప్పి అడిగాను. “పంచదార ఎర్రగా కరిగించాలి బాబూ, తట్టుకుంటుందా?” అన్నాను. కొట్టు అతను పెనాన్ని వేలితో టంగుమనిపించి, “గ్రానైట్ అమ్మా ఇది, బండరాయి. ఏ పాకమైనా పట్టుకోండి” అన్నాడు. పెట్టె మీద గరిష్ఠ ధర 2,499 అని స్టిక్కరు. నాకు 849కి ఇచ్చాడు. అంత ధర తగ్గిందంటే ఆ 2,499 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు, మురిసిపోయాను.

మొదటి రోజు దోసెలు పోశాను. అద్దంలా జారాయి. రెండో రోజు తోతాపురి.

పంచదార పరిచి సెగ పెట్టిన రెండో నిమిషంలోనే తేడా కనిపించింది. పెనం మధ్యలో పంచదార పొడిపొడిగా అలాగే ఉంది. అంచు వెంట మాత్రం ఉంగరంలా కరిగి, కరిగినది కరిగినట్టే నల్లబడుతోంది. పెనం వంచి మధ్యలోకి తెచ్చిన పాకం మళ్లీ అంచుకే జారిపోతోంది. కిందికి వంగి చూస్తే పెనం అడుగు బోర్లించిన సాసరులా మధ్యలో ఉబ్బి ఉంది. కొన్నప్పుడు చదునుగానే ఉంది. వేడెక్కాక లేచింది.

ఇది ఎందుకు జరిగిందో మా అబ్బాయి తర్వాత చెప్పాడు. ఈ పెనాల ఒళ్లు అల్యూమినియం. ఇండక్షన్ పొయ్యి మీద కూడా పనిచేయాలని అడుగున పలుచటి స్టీలు బిళ్ల అదిమి అంటిస్తారు. వేడికి అల్యూమినియం స్టీలు కన్నా ఎక్కువ సాగుతుంది. కింద స్టీలు పట్టి ఉంచుతుంది, పైన అల్యూమినియం సాగుతానంటుంది, చివరికి పెనం పైకి ఉబ్బుతుంది. లోహం మందంగా ఉంటే ఓర్చుకుంటుంది. పలుచనైతే మొదటి గట్టి సెగకే లొంగిపోతుంది. కూరల్లో ఈ గుట్టు త్వరగా బయటపడదు. నీళ్లు ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది కదా. పంచదార ఎర్రబడాలంటే 160, 170 డిగ్రీలు కావాలి. సెగలో ఏ కొంచెం తేడా ఉన్నా పక్కపక్కనే తెలుపు, నలుపు చూపించేస్తుంది.

ఎలాగో వెన్న వేసి, ముక్కలు తిప్పి దించాను. వాడింది చెక్క గరిటె. ఇది ఎందుకు చెబుతున్నానంటే కొట్టులో మొదట అడిగింది “స్టీలు గరిటె పెట్టారా?” అనే. గిన్నెల్లో పెట్టి పిల్లలకు ఇచ్చాను. చెల్లెలి చిన్నకూతురు ఒక ముక్క చెంచాతో పైకెత్తి, “పెద్దమ్మా, నల్ల నువ్వులు వేశావా?” అంది.

నేను నువ్వులు వేయలేదు.

ఆ ముక్కను ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి చూశాను. పసుపుపచ్చని మామిడి మీద నల్లని చుక్కలు. ఒకదాన్ని గోటితో లేపితే ఊడిన గోళ్ల రంగులా పెచ్చుగా వచ్చింది. పైన నలుపు, కింద బూడిద రంగు, ఒక పెచ్చు మీద తెల్ల చుక్క కూడా ఉంది. ఆ తెల్ల చుక్కే గ్రానైట్. గిన్నెలన్నీ లాక్కున్నాను. అప్పటికే పెద్దవాడు సగం తినేశాడు. పెనం కడిగి చూస్తే ఉబ్బిన చోట బొటనవేలంత మేర తెల్లగా అల్యూమినియం మెరుస్తోంది. పుల్లటి మామిడి రసం నేరుగా ఆ లోహం మీద ఉడికిందన్నమాట. అల్యూమినియానికి పులుపు పడదని, పులుసు అందులో వండొద్దని మా అమ్మ చెప్పేది. నాన్‌స్టిక్ కదా, కింద ఏముందో మనం మరిచిపోతాం.

పిల్లలకు ఏమీ కాలేదు. మామూలు నాన్‌స్టిక్ పూత పెచ్చు కడుపులోకి పోతే జీర్ణం కాకుండా అలాగే బయటికి వెళ్లిపోతుందని తెలుసుకున్నాక కొంత కుదుటపడ్డాను. అసలు భయపడాల్సింది వేడికి. ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, ఇంకా కాలితే వచ్చే పొగ మంచిది కాదు. ఇంట్లో పంజరంలో పక్షులు ఉంటే మరీ జాగ్రత్త, ఆ పొగకు అవి నిమిషాల్లో చనిపోతాయి. పెద్ద బర్నరు మీద ఖాళీగా పెట్టిన పలుచటి పెనం ఆ వేడికి చేరడానికి కొన్ని నిమిషాలు చాలు. నా వంట మొదలయ్యేదే ఖాళీ పెనంతో. ఆ తప్పు నాదేనని ఒప్పుకుంటాను.

మర్నాడు కొట్టుకు వెళ్లేముందు మా వీధి కిరాణా కొట్టు తక్కెడలో పెనాన్ని తూచాను. పెట్టె మీద ‘24 సెంటీమీటర్లు, 3.5 మిల్లీమీటర్ల మందం’ అని ఉంది. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు. ఆ కొలతలకు పిడి కాకుండానే 600 గ్రాముల దాకా ఉండాలని మా అబ్బాయి లెక్క కట్టాడు. తక్కెడ పిడితో సహా 430 చూపించింది. లెక్కలు చేతకాకపోయినా ఫరవాలేదు, కొట్టులో అదే కొలత గల మంచి పెనం ఒక చేత్తో, చవక పెనం ఇంకో చేత్తో పట్టుకుని చూడండి. చేతికే తెలిసిపోతుంది.

కొట్టులో అతను పెనం వైపు చూడనైనా చూడలేదు. “పంచదార కాల్చితే ఏ పెనమైనా పోతుందమ్మా. ఇది దోసెలకు, ఆమ్లెట్లకు” అన్నాడు. కొన్న రోజు బండరాయి, ఈరోజు ఆమ్లెట్ పెనం. బిల్లు చూపించమన్నాడు. తీరా చూస్తే నా దగ్గర ఉన్నది బిల్లు కాదు. పైన ‘అంచనా’ అని అచ్చువేసిన చిన్న చీటీ. కొట్టు పేరు లేదు, పన్ను నంబరు లేదు, ఏ వస్తువో లేదు, 849 అన్న అంకె ఒక్కటే. గ్యారంటీ కార్డు మీద ముద్ర, తేదీ లేవు. గోడ మీద వేంకటేశ్వరస్వామి పటం కిందే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డు.

ఆ బోర్డుకు భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోనంటే అదీ అక్రమమే. నేను కొట్టు ముందే నిలబడి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కి ఫోను చేశాను. బిల్లు లేదు కానీ డబ్బు ఫోనులో చెల్లించాను కాబట్టి కొట్టు ఖాతా పేరు, తేదీ, సమయం అన్నీ ఉన్నాయి. నగదు ఇచ్చి ఉంటే నా పని అయిపోయేది. ఫిర్యాదు నంబరు ఫోనుకు వచ్చాక అతని గొంతు కొంచెం మారింది. చివరికి 500 చేతిలో పెట్టాడు. ఇంకా పోట్లాడాల్సిందే. అయిదు లక్షల లోపు సరుకుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రుసుము కూడా లేదు. కానీ బయట ఆటోలో చెల్లెలు, పిల్లలు, సామాను, చిత్తూరు బస్సు టైము. తీసుకుని వచ్చేశాను. 349 పోయింది.

పెట్టె ఇంటికి తెచ్చి తీరిగ్గా చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. నా పెట్టె మీద ఉన్నది ‘ఐఎస్‌ఓ’. ఒక్క అక్షరమే తేడా, దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటుంది. ఐఎస్‌ఓ 9001 అన్నది కంపెనీ పని పద్ధతికి ఇచ్చేది, పెనానికి కాదు. అసలైన ఐఎస్‌ఐ ముద్ర దగ్గర ‘సీఎం/ఎల్’ అని, ఆ వెనకే అంకెలు ఉంటాయి. ఆ నంబరును, ఆ ముద్ర ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే ఎవరిదో చెబుతుంది. కొట్టులో నిలబడే చూసుకోవచ్చు. తయారీదారు చిరునామా ఉండాల్సిన చోట నా పెట్టె మీద ఒక ఊరి పేరు మాత్రమే ఉంది. ధర స్టిక్కరు గీకితే కింద ఇంకో స్టిక్కరు. అడుగు చదునా కాదా చూడటానికి పిల్లల స్కేలు చాలు, లోపల అడ్డంగా నిలబెడితే సందు కనిపిస్తుంది. వేడెక్కాక ఉబ్బేది మాత్రం దానికి దొరకదు.

నాకు నవ్వు వచ్చే సంగతి ఇంకొకటి ఉంది. అసలు ఈ తీపికి నాన్‌స్టిక్ అక్కర్లేదు. పంచదార అంటుకుంటుంది, తోమలేను అనే భయంతోనే కొన్నాను. ఎండిపోయి గాజులా గట్టిపడిన పాకం గిన్నెలో నీళ్లు పోసి ఒక్క పొంగు రానిస్తే దానంతట అదే కరిగిపోతుంది, పీచు కూడా పట్టక్కర్లేదు. పైగా నల్లటి పెనంలో పాకం రంగు ఎలా తెలుస్తుంది? తేనె రంగుకూ మాడుకూ మధ్య అర నిమిషం కూడా ఉండదు. ఇప్పుడు అడుగు మందంగా ఉన్న స్టీలు బాణలిలో చేస్తున్నాను, రంగు స్పష్టంగా కనిపిస్తుంది. ఇనుప పెనంలో పుల్లటి పండు వేయకండి, ముక్కలు నల్లబడి ఇనుము రుచి వస్తుంది. కళాయి పూసిన ఇత్తడి గిన్నె ఉంటే అదీ వద్దు. కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీ గిన్నెలో పంచదార కరిగిస్తూ ఏమరుపాటుగా ఉంటే అక్కడికి చేరిపోతుంది.

నిన్న సాయంత్రం ఆ వీధిలోనే పని పడి వెళ్లాను. అదే కొట్టు ముందు, అవే పెట్టెలు నిలువుగా పేర్చి ఉన్నాయి. బొమ్మ అదే, ఊరి పేరు అదే, పెనం పేరు మాత్రం కొత్తది. ఇప్పుడు ‘ఏడు పొరలు’ అయింది. స్టిక్కరు మీద 2,999. నేను చూస్తుండగానే ఒకామె పెనం చేతిలోకి తీసుకుంది, అతను వేలితో టంగుమనిపించాడు. నేను ఆమె పక్కకు వెళ్లి, “అమ్మా, ముందు బిల్లు రాయించుకోండి” అన్నాను. అతను నన్ను గుర్తుపట్టాడు. ఆమె పెనం కింద పెట్టేసింది.