పూడిక లెక్కలకు హెక్-రాస్: ఎంతవరకు నమ్మొచ్చు?

నదిలో కోత ఎక్కడ పడుతుందో, ఇసుక ఎక్కడ మేట వేస్తుందో లెక్కగట్టాలంటే మొదట తెరవాల్సింది హెక్-రాస్ అనే నదీ ప్రవాహ సాఫ్ట్‌వేరే. అమెరికా ఆర్మీ ఇంజనీర్ల విభాగం ఉచితంగా ఇస్తోంది. 2008లో వచ్చిన 4.0 వెర్షన్‌తో 1డీ (నది పొడవు దిశలోనే చూసే) సెడిమెంట్, అంటే ఇసుక, ఒండ్రుల లెక్క మొదలైంది. 5.0లో అన్‌స్టెడీ (నిరంతరం మారే ప్రవాహం), 6.0లో 2డీ (పొడవు, వెడల్పు రెండూ) చేరాయి. పదుల కిలోమీటర్ల నదికి, పదుల ఏళ్ల అంచనాకు ఇప్పటికీ 1డీయే సరైనది.

ఎక్కువమంది దెబ్బతినేది కంప్యుటేషన్ ఇంక్రిమెంట్, అంటే లెక్కను ముక్కలు చేసే కాల వ్యవధి దగ్గర. క్వాసీ-అన్‌స్టెడీలో (మారే ప్రవాహాన్ని స్థిరమైన మెట్లుగా చూసే పద్ధతి) ఒక్కో ఇంక్రిమెంట్‌కు నీటి లెక్క ఒకేసారి జరుగుతుంది. ఆ వేగం, ఆ లోతు అలాగే ఉన్నాయనుకుని ఆ గడువంతా అడుగును తవ్వుతూ పోతుంది. వేసవి ప్రవాహానికి 24 గంటలు పెట్టినా నడుస్తుంది. వరద రోజుకూ అదే పెడితే ఒక క్రాస్ సెక్షన్‌లో (నదికి అడ్డంగా తీసిన కోత చిత్రం) గుంట, పక్కదానిలో దిబ్బ వచ్చి బెడ్ ప్రొఫైల్ (నది పొడవునా అడుగు గీత) రంపపు పళ్లలా కనిపిస్తుంది. వరదకు గంటతో మొదలుపెట్టి, ఫలితం మారడం ఆగేదాకా సగానికి సగం తగ్గించండి. సెక్షన్లు మరీ దగ్గరగా ఉన్నా ఇదే తంటా.

ట్రాన్స్‌పోర్ట్ ఫంక్షన్ల (ప్రవాహం ఎంత ఇసుక మోయగలదో చెప్పే సూత్రాలు) జాబితా బాగుంది. మేయర్-పీటర్ ముల్లర్ గులకరాళ్ల నదికి. గోదావరిలాంటి ఇసుక అడుగుకు వాడితే తేలిపోయే ఇసుక లెక్కలోకే రాదు. అక్కడ ఎంగెలుండ్-హాన్సెన్, యాంగ్, టొఫాలెటీ ప్రయత్నించండి. ఒకదానికీ మరొకదానికీ పది రెట్ల తేడా రావచ్చు కాబట్టి నదిలో కొలిచిన సెడిమెంట్ లోడ్‌తో (నీరు మోసుకొచ్చే మట్టి, ఇసుక మొత్తం) సరిచూడకుండా ఏదీ ఖాయం చేయొద్దు.

జలాశయాల పనిలో మోడల్ ఎగువ సరిహద్దుకు ‘ఈక్విలిబ్రియం లోడ్’ (నది మోయగలిగినంత సెడిమెంట్ వస్తుందనుకోవడం) పెట్టడం తప్పు. మెత్తటి ఒండ్రు ఎంత వస్తుందన్నది పరీవాహక ప్రాంతాన్ని బట్టి ఉంటుంది, నది మోయగల శక్తిని బట్టి కాదు. ఏ ప్రవాహానికి ఎంత సెడిమెంట్ వస్తుందో చూపే రేటింగ్ కర్వే ఇవ్వండి, ఒక్కో ప్రవాహానికి రేణువుల వాటాలతో సహా. ఆ కర్వ్‌ను రెండు అక్షాలూ లాగరిథమ్‌లో ఉన్న లాగ్-లాగ్ గీతగా గీసి, దానివల్ల వచ్చే పొరపాటుకు బయాస్ సవరణ చేయకుండా వాడితే లోడ్ తక్కువ వస్తుంది.

పేరుకున్న పూడిక సాంద్రతకు సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి ఉంచే డిఫాల్ట్ విలువలు కూడా చూసుకోవాలి: ఘనమీటరుకు ఇసుక సుమారు 1490 కిలోలు, సిల్ట్ 1041, బంకమట్టి 480. ఈ 480 కొత్తగా పేరుకున్న బురదకు సరిపోతుంది. ఏళ్ల తరబడి అణిగిన దానికీ అదే ఉంచితే పూడిక ఘనపరిమాణం ఉబ్బిపోతుంది. 308 టీఎంసీల శ్రీశైలం జలాశయం పూడికతో సుమారు 215కు దిగింది. అలాంటి చోట ఈ ఒక్క సంఖ్యతోనే జలాశయం మిగిలిన ఆయుష్షు అంచనా మారిపోతుంది.

1డీలోని అసలు లోటు: మూవబుల్ బెడ్ హద్దుల (అడుగు మారవచ్చని మనం గుర్తించే హద్దులు) మధ్య తడిసిన అడుగంతటినీ ఒకే మందంతో లేపుతుంది, దించుతుంది. కోనసీమ లంకల్లో జరిగేలా వంపు బయటి ఒడ్డు కోసుకుపోవడం దీని మామూలు లెక్కలో కనపడదు. ఆ పనికి వంపులో పుట్టే సుడి ప్రవాహాన్ని కూడా లెక్కలోకి తీసుకోగల డెల్ఫ్ట్3డీ అనే మరో సాఫ్ట్‌వేర్ మేలు. దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది, కానీ నేర్చుకోవడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది.