గ్యాలరీ మోడల్స్ 1/48 యూహెచ్-34డీ: కట్టి, కొన్నేళ్లు అల్మరాలో ఉంచాక

గ్యాలరీ మోడల్స్ సంస్థ 1/48 కొలతలో, అంటే అసలుదానిలో 48వ వంతుగా, తెచ్చిన సికోర్‌స్కీ యూహెచ్-34డీ హెలికాప్టర్ ప్లాస్టిక్ నమూనా కిట్‌ను నేను కొన్నేళ్ల క్రితం తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని కట్టాను. అప్పటి నుంచి అది విశాఖపట్నంలో మా ఇంటి గాజు అల్మరాలో ఉంది. పెట్టె తెరిచిన రోజు సంతోషంలో రాసిన సమీక్షలు చాలానే దొరుకుతాయి కాబట్టి, సముద్రపు గాలీ వేసవి ఉక్కపోతా తగిలాక ఈ నమూనా ఎలా నిలిచిందో కూడా చెప్పడం అవసరమనిపించింది.

ఈ కిట్‌కు ప్రాణం ముక్కు భాగంలోని ఇంజిన్. 1954 మార్చి 8న తొలిసారి ఎగిరిన హెచ్-34లో (యూహెచ్-34డీ దీనిలోని ఒక రకం) తొమ్మిది సిలిండర్ల రైట్ ఆర్-1820 పిస్టన్ ఇంజిన్‌ను ముందు భాగంలో ఏటవాలుగా అమర్చి, దాని షాఫ్టును పైలట్ల గది గుండా పైనున్న రోటర్ గేర్‌బాక్సు వరకు తీసుకెళ్లారు. రోటర్ కింద చోటంతా సైనికులకూ సామగ్రికీ మిగలాలన్న ఉద్దేశంతోనే పైలట్లను అంత ఎత్తున కూర్చోబెట్టారు. భారత వైమానిక దళం 1954లో తీసుకున్న తన మొదటి హెలికాప్టర్ ఎస్-55లోనూ ఇదే పద్ధతి ఉంది కాబట్టి, ఈ యంత్రం మన దేశపు పాఠకులకు మరీ పరాయిది కాదు.

ముక్కు తలుపులు తెరిచి ఉంచి ఇంజిన్ కనిపించేలా కట్టమని నా గట్టి సలహా. మూసేస్తే ఈ కిట్ కొన్న ప్రయోజనంలో సగం పోతుంది. ఈ కొలతలో ఇంజిన్ వ్యాసం దాదాపు 29 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గుల చొప్పున పద్దెనిమిది తీగలు పెట్టాలి. పాత ఛార్జర్ వైరులోంచి తీసిన సన్నని రాగి తీగలు ఇందుకు చక్కగా సరిపోయాయి. సిలిండర్ రెక్కల మీద లోహపు రంగు వేసి, పైన నల్లని వాష్ (బాగా పలచన చేసిన రంగు) పారిస్తే లోతు దానంతటదే కనిపిస్తుంది. నాకు ఈ కిట్‌లో అత్యంత ఇష్టమైన పని ఇదే.

బాడీ రెండు సగాలనూ టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ అనే పలచని ప్లాస్టిక్ జిగురుతో అతికించాను. అది సందులోకి తానే పాకుతుంది కాబట్టి కుంచె కొనతో తాకిస్తే చాలు. అతుకును గరుకు కాగితంతో రుద్దేటప్పుడు చెరిగిన రివెట్లను సూదితో మళ్లీ గుచ్చుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ వదిలేస్తే వెన్ను మీద నున్నని చార ఒకటి మిగిలిపోతుంది. కిటికీ అద్దాలకు మాత్రం సూపర్‌గ్లూ వాడకూడదు, దాని ఆవిరికి పారదర్శకమైన ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది. నేను తెల్లని ఫెవికాల్ వాడాను, అద్దాలు ఈనాటికీ ఊడలేదు, మసకబారలేదు.

రంగుల విషయంలో చరిత్రను చదువుకుని దిగడం మంచిది. అమెరికా మెరైన్ దళానికి చెందిన హెచ్ఎంఎం-362 స్క్వాడ్రన్ 1962 ఏప్రిల్‌లో ఈ హెలికాప్టర్లతో వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో ఉన్న సోక్ ట్రాంగ్‌కు చేరింది. 1969 ఆగస్టులో అదే స్క్వాడ్రన్ చివరి యూహెచ్-34డీలను అక్కడ విధుల నుంచి తప్పించింది. ఆ ఎండకు వెలిసిన ముదురాకుపచ్చను చూపడానికి, మూల రంగులో కొద్దికొద్దిగా లేత రంగు కలుపుతూ పైభాగాన పలచగా చల్లాను. పొగ గొట్టం ముక్కుకు ఎడమవైపు ఉంటుంది కాబట్టి, మసినీ నూనె మరకలనూ ఆ వైపే ఎక్కువగా చూపాలి. పైతొడుగులో మెగ్నీషియం ఎక్కువగా వాడిన హెలికాప్టర్ ఇది, దాని మీద ఇనుప తుప్పు రంగు పూస్తే అబద్ధంగా కనిపిస్తుంది.

పై నుంచి చూస్తే ప్రధాన రోటర్ గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. బ్లేడ్ల ముందు అంచులు ఆ దిశకే ఉన్నాయని చూసుకున్నాకే అతికించాలి. ఆగి ఉన్న అసలు హెలికాప్టర్‌లో బ్లేడ్లు తమ బరువుకే కొంత కిందికి వంగి ఉంటాయి కాబట్టి, వాటిని వేడినీటిలో ముంచి మెల్లగా వంచాను. రోటర్‌ను మాస్టుకు (దాన్ని మోసే నిలువు కడ్డీకి) జిగురుతో అంటించకుండా ఊడదీసేలా ఉంచడం వల్ల దుమ్ము దులపడం ఎంతో సులువైంది.

ఇన్నేళ్లలో అతుకులు ఎక్కడా విచ్చుకోలేదు, ల్యాండింగ్ గేర్ బరువుకు ఒరగలేదు, ఆకుపచ్చ రంగు చెక్కుచెదరలేదు. తెల్లని అక్షరాలు మాత్రం కొద్దిగా పసుపుబారాయి. అందుకు కిట్‌ను తప్పుపట్టను, పైన కొట్టిన చవక రకం మ్యాట్ వార్నిషే కారణమని నా అంచనా. అదే వార్నిష్ వాడిన నా మరో నమూనా మీద కూడా తెలుపు ఇలాగే మారింది. తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో వార్నిష్ మీద కొంచెం ఎక్కువే ఖర్చు పెట్టండి, వాన పట్టిన రోజున దాన్ని చల్లకండి.

మొదటిసారి నమూనా కట్టేవారికి దీన్ని సిఫారసు చేయను. రెండు మూడు చిన్న కిట్లు పూర్తిచేసి, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పరికరం) చేతికి అలవాటైనవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. అయితే కొనేముందు చోటు కొలుచుకోండి. బాడీ పొడవు 30 సెంటీమీటర్లు, రోటర్ వృత్తపు వ్యాసం సుమారు 36 సెంటీమీటర్లు ఉంటుంది. బాడీని అల్మరా వెడల్పు వెంబడి పెట్టి, నాలుగు బ్లేడ్లనూ గుణకారపు గుర్తులా తిప్పి నిలబెడితే 27 సెంటీమీటర్ల లోతున్న అల్మరా సరిపోతుంది.