ముందే కట్టిన సీటా, ఆప్షన్లలో కింద పెట్టిన కాలేజీనా?

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు రాగానే విజయవాడ ఇళ్లలో ఒకటే టెన్షన్: అనుకున్న కాలేజీ రాకపోతే? జాగ్రత్తపడటానికి రెండు దారులున్నాయి.

ఒకటి, ప్రైవేటు యూనివర్సిటీలో ముందే డబ్బు కట్టి సీటు ఉంచుకోవడం. మనసు కుదుటపడుతుంది, నిజమే. కానీ మా అక్క కొడుక్కి అలా కట్టాం. తర్వాత కన్వీనర్ సీటు (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేది) వచ్చింది, కట్టిన డబ్బు కోసం రెండు నెలలు తిరిగాం. కట్టేవాళ్లు వాపసు షరతులు కాగితం మీద తీసుకోండి.

రెండోది, వెబ్ ఆప్షన్ల (కౌన్సెలింగ్‌కు ఆన్‌లైన్‌లో మనం ఇష్టం కొద్దీ వరుసగా పెట్టే కాలేజీ, బ్రాంచిల జాబితా) కింది భాగాన్ని శ్రద్ధగా నింపడం. సీటు మనం పెట్టిన వరుసలోనే చూస్తారు. పైదానికి ర్యాంకు చాలకపోతేనే కిందిది. కాబట్టి కింద ఇంకో 20 చేర్చినా పైవాటి అవకాశం తగ్గదు. ఇది తెలియకే చాలామంది నాలుగైదు పెద్ద పేర్లతో ఆపేస్తారు.

ఈ కింది భాగం కోసం మా అమ్మాయి లాంగ్ నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసింది: కాలేజీ, బ్రాంచి, కిందటేడు తన కేటగిరీలో అమ్మాయిలకు వచ్చిన చివరి ర్యాంకు. తన ర్యాంకు 30 వేలు. ఆ చివరి ర్యాంకు 50 వేలు దాటినవాటికే ఆకుపచ్చ టిక్కు. తర్వాత బస్సెక్కి వెళ్లి ల్యాబులు చూసొచ్చి, చేరడం ఇష్టంలేని మూడింటిని కొట్టేసింది. ఆ కొట్టివేతే నాకు బాగా నచ్చింది.

నా ఓటు రెండోదానికే. ర్యాంకు బాగా దూరమై, ఫలానా బ్రాంచే కావాలంటే మాత్రం మొదటిది ఆలోచించండి.